కడిగేసిన పళ్లేలు

సారుగారికి, కంచరపాలెం నుంచి రోజలిన్ మామ్మ వందనాలు.

మీ దగ్గర పర్యావరణం పీజీ చదువుతున్న మా మనవరాలు, గాలిలో నల్లదుమ్ము ఎంత పడతందో చూద్దామని మేడ మీద నాలుగు తెల్ల పళ్లేలు పెట్టింది. నెల్లాళ్లు ముట్టకూడదంట. నాకేటి తెలుసు? మాసిపోయాయని సబ్బెట్టి తోమేసాను.

"మామ్మా, నా మార్కులు కడిగేసావే!" అని ఒకటే ఏడుపు. ఇది పాసైతే గాలీ నీళ్లూ బాగుచేసే ఉద్యోగం వస్తదని దాని ఆశ. తప్పు నాదండి, దాని మార్కులు కొయ్యకండి.

మళ్లీ పెట్టించాను. కాకులు రాకుండా కర్రట్టుకుని నానే కూర్చుంటన్నాను. ఏటైనా తేడా వస్తదేమోనని నా కళ్లజోడు కూడా తుడవట్లేదు.

కానీ బాబూ, క్రిస్మస్‌కి ఇల్లంతా కడుక్కోవాలి. ఆలోపే వచ్చి చూసుకోండి. మాసిన పళ్లేలు చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు.