కాపీకి అనుమతి లేదు

మైపాడు,
జూన్ 3

గానపేటిక కంపెనీ పెద్దలకు,

ఇందుకూరుపేట మండలం మైపాడు నుంచి ముత్యాలయ్య నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, ఒక్క మా ఆవిడ పేరమ్మ కాలు తప్ప. రొయ్యల గుంట గట్టు మీద జారి విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టు. మంచాన పడ్డ మనిషికి నోటితో తప్ప పని లేదు, ఆ నోటికి నేను తప్ప ఎవరూ దొరకరు.

అందుకని పాటల పెట్టె కొందామని నెల్లూరు వెళ్లాను. అంగట్లో మస్తాన్ మూడు రకాలు చూపించాడు. ఒకటి అగ్గిపెట్టంత, మంచం సందులో పడితే ఇక దొరకదు. రెండోదాన్ని వేలితో రుద్దాలి, చేపలు తోమిన వేళ్లకు అది పలకదు. మూడోది మీది. బొత్తాలు రూపాయి బిళ్లంత ఉన్నాయి. "ఐదు వేల పాటలు పెద్దాయనా, కట్టు ఇప్పేదాకా ఇన్నా ఇంకా మిగల్తాయి" అన్నాడు.

మూడు రోజులు ఇల్లు స్వర్గం. పేరమ్మ నన్ను తిట్టడం కూడా పాటకీ పాటకీ మధ్యనే పెట్టుకుంది. నాలుగో రోజు పొద్దున ఆమె గ్లాసు నోటి దగ్గర పెట్టుకుందో లేదో, పెట్టెలోంచి ఒకమ్మాయి "కాపీకి అనుమతి లేదు" అంది. పాట ఆగిపోయింది. ఎన్నిసార్లు నొక్కినా అదే మాట. మీకు ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అన్నారు. తొమ్మిది దాకా నొక్కి, విసుగొచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పెట్టె పాడకపోతే, కట్టు విప్పగానే కోవూరులో వాళ్లక్క ఇంటికి వెళ్లిపోతానంటోంది పేరమ్మ. ఊరికే అనే మనిషి కాదు. త్వరగా దారి చెప్పండి.

ఇట్లు,
ముత్యాలయ్య

తా.క. మా ఇంట్లో కాపీ సంగతి ఆ అమ్మాయికి ఎట్లా తెలిసింది?


హైదరాబాదు,
జూన్ 9

గౌరవనీయులైన ముత్యాలయ్య గారికి,

మీ లేఖ అందింది. మా పెట్టెల్లోని పాటలకు కాపీ రక్షణ ఉంటుంది. ఇంట్లో కాపీ జరుగుతోందని అనుమానం వస్తే పెట్టె పాడటం ఆపేస్తుంది. మీ ఇంట్లో కాపీ చేసింది ఎవరో, ఎన్నిసార్లు చేశారో, బయటివాళ్లకు ఇచ్చారో లేదో దయచేసి దాచకుండా తెలపండి.

ఇట్లు,
వినీల,
వినియోగదారుల సేవా విభాగం

తా.క. సొంతానికి ఒక్క కాపీ వరకు కంపెనీకి అభ్యంతరం లేదు.


మైపాడు,
జూన్ 14

అమ్మా వినీలా,

ఒక్క కాపీతో పేరమ్మకు కళ్లే తెరుచుకోవు. దాచడానికి ఏముంది, చేసేది నేనే. ఎట్లా చేయాలో ఆమె మంచం మీద నుంచి చెబుతుంది. పొద్దున ఒకసారి, పదింటికి ఒకసారి, సాయంత్రం వల బాగుచేసేటప్పుడు ఒకసారి. బయటివాళ్లకు ఇవ్వకుండా ఎట్లా కుదురుతుంది? కాలు చూడటానికి వచ్చిన అందరికీ ఇచ్చాం. పక్కింటి నాగులమ్మ రెండు పట్టుకుపోయింది. సర్పంచికి ఇచ్చాం. కానిస్టేబుల్ బాగుందని ఇంకొకటి అడిగి మరీ తీసుకున్నాడు.

అయినా మీ ఉత్తరం చూశాక కాపీ పూర్తిగా బంద్ చేశాను. పేరమ్మ మండిపడుతోంది. "పాటా లేదు, కాపీ లేదు. ఇంకెందుకుండాల నేనీడ? బండి పిలిపీ, కోవూరికి పోతా" అంటోంది. కట్టు విప్పేదాకా కూడా ఆగేట్టు లేదు. నాకు నిజంగా భయంగా ఉందమ్మా.

ఇట్లు,
ముత్యాలయ్య

తా.క. కాస్త పలచగా చేసినా మీ పెట్టె కనిపెడుతుందా?


హైదరాబాదు,
జూన్ 19

ముత్యాలయ్య గారికి,

మీ ఉత్తరాన్ని మా న్యాయ విభాగం మూడుసార్లు చదివింది. ఇంత నిబ్బరంగా ఒప్పుకున్నవారు ఇంతవరకు లేరట. ఇందులో పోలీసుల చెయ్యి కూడా ఉండటం వారిని కలవరపెట్టింది. శుక్రవారం మా అధికారి లాజరస్ గారు తనిఖీకి వస్తారు. కాపీకి వాడిన సామగ్రిని అక్కడి నుంచి కదపవద్దు.

ఇట్లు,
వినీల

తా.క. పలచని కాపీ కూడా కాపీయే.


హైదరాబాదు,
జూన్ 27

ముత్యాలయ్య గారికి,

లాజరస్ గారి నివేదిక అందింది. "సామగ్రి: ఫిల్టరు ఒకటి, పాలగిన్నె ఒకటి, గ్లాసులు నాలుగు. మూడు నమూనాలు అక్కడే పరీక్షించాను. చాలా బాగున్నాయి" అని రాశారు. ఇన్నాళ్లూ నేను అడిగింది పాటల నకళ్ల గురించి, మీరు చెప్పింది కాఫీ గురించి. సిగ్గుతో తల ఎత్తుకోలేకపోతున్నాను.

అసలు తప్పు మాదే. మీ పెట్టెలో పాటల గడువు మూడు రోజులకే తీరిపోయేలా మావాళ్లు పెట్టారు. గడువు తీరిన పాటను పెట్టె దొంగ కాపీ అనుకుంటుంది. సరిచేసిన కొత్త పెట్టె పంపుతున్నాను. పేరమ్మ గారు ఎన్ని గ్లాసులు తాగినా అది పాడుతుంది.

ఇట్లు,
వినీల

తా.క. మా న్యాయ విభాగంలో ఇప్పుడు అందరూ "ఒక కాపీ" అనే అడుగుతున్నారు. ఆఫీసు బాయ్ జిరాక్స్ తెచ్చి ఇస్తున్నాడు.


మైపాడు,
జూలై 4

అమ్మాయ్ వినీలా,

నేను పేరమ్మను. మీ కొత్త పెట్టె వెనక్కి పంపుతున్నాను. అది బాగా పాడుతోంది, అదే చిక్కు.

కోవూరికి బండి పిలవమన్న రోజు మా ఆయనకు దిక్కు తోచలేదు. మంచం పక్కన కూర్చుని తనే పాట ఎత్తుకున్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన కేకలు విన్నాను గానీ పాట వినలేదు. పల్లవి ఒక ఊళ్లో ఉంటే చరణం ఇంకో ఊళ్లో ఉంది. మేకకు ఏమైందోనని నాగులమ్మ పరిగెత్తుకొచ్చింది. నవ్వీ నవ్వీ నాకు కట్టులో కాలు నొప్పెట్టింది. బండి వద్దన్నాను. అప్పటి నుంచి రోజూ పాడుతూనే ఉన్నాడు.

మీ పెట్టె వచ్చింది. "ఇదిగో నీ పాటలు" అని అక్కడ పెట్టి, వల భుజాన వేసుకుని పోయాడు. ఐదు వేల పాటలు మోగుతున్నా ఇల్లు బోసిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

పెట్టె మళ్లీ చెడిందని చెప్పాను. ఆయన అడుగుతూ రాస్తే, అది ఇక బాగుపడే జబ్బు కాదని రాయి తల్లీ. నేను కోవూరికి పోయేది లేదు.

ఇట్లు,
పేరమ్మ

తా.క. ఎవరూ ఎత్తుకుపోకుండా మీరు పాటలకు తాళం వేస్తారని లాజరస్ గారు చెప్పారు. మా ఆయన పాటకు ఏ తాళమూ లేదు. అయినా ఎవరూ ఎత్తుకుపోరు.