ఆరూ పదకొండుకి తెగిన కాల్

తమ్ముడా,

ఆపరేషన్‌కి ముందు నీ దగ్గర ఫోన్ ఉంచరట. అందుకే ఈ ఉత్తరం మరదలి చేతికిస్తున్నాను.

నిన్న వీడియో కాల్‌లో, "అన్నయ్యా, అమ్మ ఆఖరి చూపుకి నేను రాలేదు. నన్ను క్షమించావా?" అని అడిగావు. నేను బదులివ్వకముందే కాల్ తెగింది. కట్ చేసింది నేను కాదు. సాతానే వైఫై తెంపాడని ఇల్లెగిరేలా గద్దించాను. నా ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ వేసిచ్చిన మా అమ్మాయి వచ్చి చూసి, "సాతానుకి అంత తీరిక లేదు నాన్నా! ఛార్జర్ ఎవరు పీకారు? బ్యాటరీ మీద ఉంటే ఇది కరెంటు ఆదా కోసం వైఫైని నిద్రపుచ్చుతుంది" అంది. పీకింది నేనే. నీ ఒక్కడి కోసం ప్రార్థన చేయడానికి కూడా, ఆ ప్లగ్గులో నా చర్చి ప్రసంగాల మైకు తగిలించాను. అమ్మాయి ఆ సెట్టింగ్ తీసేసింది.

కానీ లేఖనం ఒళ్లో పెట్టుకుని అబద్ధం రాయలేను. నెట్ పోయింది ఆరూ పదకొండుకని ల్యాప్‌టాప్ తనంతట తాను రాసుకునే లాగ్‌లో ఉంది. నువ్వు అడగ్గానే నేను చూపు తిప్పుకుని గోడ గడియారం వైపు చూశాను. అప్పుడు ఆరూ పది. ఆ నిమిషమంతా వైఫై బాగానే ఉంది. క్షమాపణ మీద గంటలకొద్దీ గర్జించే ఈ నోరే పెగల్లేదు.

క్షమించాను తమ్ముడా. నువ్వు రాలేదన్న కోపంతో సంఘమంతటి ముందు నిన్ను దూషించిన నన్ను క్షమించావో లేదో, లేచాక నువ్వు చెప్పాలి. ఛార్జర్ పెట్టుకునే కూర్చుంటాను.

నీ అన్నయ్య