పళ్లకి పూసే పసుపురంగు

అమ్మడూ,

కారు తాళాలు నా దగ్గరున్నాయి, ఇల్లంతా వెతక్కు. వెనక చక్రాల్ని తిప్పే డిఫరెన్షియల్‌కి కొత్త గేర్లు నా మంచం కింద పెట్టెలో ఉన్నాయి. రెండూ ఒకదాంట్లో ఒకటి అమరేలా జతగా అరగదీసినవి. ఒకటి మార్చి రెండోది పాతదే ఉంచుదామని ఎవడన్నా అంటే దండం పెట్టి వచ్చెయ్.

నువ్వు చెప్పిన అద్దాల షెడ్డువాడు వద్దు. గేరు పళ్లకి పసుపురంగు పూసి, తిప్పి, అవి సరిగ్గా తాకుతున్నాయో లేదో మచ్చ ఎక్కడ పడిందో చూస్తావా అని అడిగాను. "అదంతా పాతకాలం పెద్దాయనా, గంటలో బిగించేస్తా" అని నవ్వాడు. వంతెన పక్క మెకానిక్కమ్మ మూడు రోజులు కావాలంది. ఆవిడ గోళ్లలో ఆ రంగు ఇంకా ఉంది. ఆవిడకే ఇద్దాం.

ఇంట్లో నాన్న ఉండగా బయటివాళ్లని వెతికావు. మనసు చివుక్కుమంది.

అన్నట్టు, వేగం పెంచితే కారు ఊళ పెడుతోందని నువ్వంటే టైర్లే అన్నాను. టైర్లు కాదు. పోయినసారి నేను గేర్లు బిగించినప్పుడు ఆ మచ్చ నాకు కనపడలేదు. కనపడిందని చెప్పాను. ఆ కారునే నువ్వు రెండు పందేల్లో నడిపావు. ఇప్పుడు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. తాళాలు దారిలో మెకానిక్కమ్మకిస్తాను. బాగయ్యేదాకా నీకివ్వను.