యాదమ్మకు చెప్పలేకపోయాను

మంగళవారం, మక్తల్

క్షేమంగా ఇల్లు చేరాను. ఆ మాట రాయడానికే సిగ్గేస్తోంది.

చేపల వేటకెళ్లిన మా బోటు ఇంజను నడి సముద్రంలో ఆగిపోయింది. వైర్‌లెస్ కూడా పలకలేదు. రెండు రోజులు అలలకు కొట్టుకుపోయాం. మూడో రోజు దూరంగా ఇంకో బోటు కనపడింది. "కృష్ణల ఈదినోన్ని, గిదెంత? పోయి పిలుస్త" అంటూ మా ఊరి ఎల్లయ్య దూకేశాడు. నేను ఆపలేదు. కాసేపటికి ఆ బోటువాళ్లే మమ్మల్ని చూసి వచ్చారు. ఎల్లయ్య మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. వాళ్లింట్లో చెప్పే పని బోటు ఓనరు నాకే అప్పగించాడు.

పొద్దున బస్సు దిగగానే ఎల్లయ్య భార్య యాదమ్మ ఎదురొచ్చింది.

"అన్నా, ఆయన రాలే?"

కింద పెట్టిన సంచి మళ్లీ భుజానికెత్తుకున్నాను.

"రేపటి బస్సుకొస్తడా?"

ఔనన్నట్టు తల ఊపాను.

రేపు ఆమె పిల్లలతో బస్టాండుకు బయల్దేరేలోపే వాళ్లింటికి పోవాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో...