గొంతా, ఆపరేషనా

వదినా, ఆయన లేచి తిరుగుతున్నారు, కంగారుపడకండి.

మీ తమ్ముడికి ఆహారనాళంలో వచ్చింది అరుదైన క్యాన్సరట. కోసి తీసేస్తే గొంతు బొంగురుపోవచ్చు. మందులిచ్చి రేడియేషన్ కరెంటు పెడితే గొంతు నిలుస్తుంది గానీ జబ్బు మళ్లీ తిరగబెట్టొచ్చు. "ఇలాంటి కేసులు తక్కువమ్మా, ఏది మేలో తేల్చి చెప్పలేం" అన్నారు డాక్టరు. కూరగాయల మార్కెట్లో అరిచి వేలం వేసే మనిషి కదా, ఈయనకి గొంతే బతుకుతెరువు. అయినా చిన్నప్పుడు అరుగు మీద మీ బొమ్మలన్నీ వేలం వేసి మిమ్మల్ని ఏడిపించిన సంగతి డాక్టరుకి చెప్పి నవ్వారు. "బొంగురు గొంతుతోనైనా అక్కతో పోట్లాడొచ్చు. ఆపరేషనే చెయ్యండి" అన్నారు. సోమవారం చేస్తారు.

పిల్లలు మీ దగ్గరున్నన్నాళ్లూ మా పెద్దదానికి జడలు మీరే వెయ్యండి. మేడ మీద కుళాయి బాగుచేయించారా? ఆదివారం పిల్లల్ని ఆసుపత్రికి తీసుకురండి, ఈ గొంతు ఉండగానే ఈయన వాళ్లతో తనివితీరా మాట్లాడాలట.

అందరూ చల్లగా ఉండాలి.

మీ మరదలు