ఠాణాకెక్కిన మిడతలు

హైదరాబాద్, 1948 ఆగస్టు 2

సుసన్నక్కకు తమ్ముడు సంజీవ నమస్కారాలు.

కాలేజీల మిడతల మీద రాయమన్నరు. మన చెరువు కింది పొలాలయి, మంచాల ఊరి మెట్ట చెల్కలయి వేరువేరు డబ్బాలల్ల పట్టి, నారయ్య బావతోని పొడుగు కొలిపియ్యి. నా అనుమానం: మంచాల దిక్కు పెద్దయి ముందుగాల చస్తయి, చిన్నయి నిలుస్తయి. దీన్ని ప్రకృతి ఎన్నిక అంటరు.

నీ తమ్ముడు,
సంజీవ

తా.క.: చప్పుడు చెయ్యకుంట ఎనుక నుంచి పట్టాలె.

ఇబ్రహీంపట్నం, ఆగస్టు 11

తమ్ముడు సంజీవకు అక్క దీవెనలు. అలవాటుకొద్ది రాసిన, మనసుల లేవు.

నీ ఉత్తరం ముందుగాల ఠాణా పెద్ద అమీన్ సాబ్ సదివిండు. బావను ఠాణాల ఏసిండ్రు. "మంచాలల చచ్చే పెద్దోళ్లెవలు? దొరలేనా?" అని అడిగిండ్రట. మిడతలంటే దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్లకు కొత్త పేరా అన్నరట. హుకుం లేని ఎన్నికలని ఇంకో కేసు. జల్ది విడమరిచి రాయి.

నీ తోని తల నొస్తున్న అక్క

తా.క.: ఎనుక నుంచి పట్టుమన్న ముక్క సదివినకాంచి అమీన్ గోడకు ఆనుకొనే కూసుంటున్నడట.

హైదరాబాద్, ఆగస్టు 18

అక్కా, దండాలు. ఇది అమీన్ సాబ్‌కు సదివి వినిపియ్యి.

పెద్దయాటి తప్పేం లేదు. తావే అసొంటిది. చెల్కల గడ్డి జల్ది ఎండుతది. పెద్దగ పెరగాలంటే శాన దినాలు పడ్తది, గుడ్లు పెట్టకముందే మేత అయిపోతది. చిన్నయి జల్ది ఎదిగి గుడ్లు పెడ్తయి. ఏండ్లు గడిస్తే అక్కడ చిన్నయే మిగుల్తయి. చెరువు కింద పచ్చిక మస్తు, అక్కడ పెద్దయే ఎక్కువ గుడ్లు పెట్టి గెలుస్తయి. ఎవల కుట్రా లేదు.

సంజీవ

తా.క.: బావ ఖాళీగనే ఉన్నడు గద, కొలుస్తున్నడా?

ఇబ్రహీంపట్నం, ఆగస్టు 29

సంజీవా,

వినిపిచ్చిన. "చిన్నయే మిగుల్తయి" అన్న మాట మంచాల దొర చెవుల పడంగనే బండి కట్టించుకొని పట్నం పోయిండు. ప్రకృతి ఎవలో ఆడిమనిషని ఠాణా జవాన్లు ఊరూరా దేవులాడుతున్నరు. నేను డబ్బ తీస్కపోయి మూత తీసి సూపిచ్చిన. మిడతలన్ని అమీన్ మీసాల మీదికి దునికినయి. అప్పటికాంచి బావ మొకం గూడ సూడనిస్తలేరు. ఠాణా గడప కాడ గిన్నె పెట్టి వస్తున్న. తిన్నడో లేదో ఎవలు జెప్తరు? నాకు భయమైతున్నది తమ్ముడూ.

సుసన్న

తా.క.: ఇంకోసారి పురుగుల ముచ్చట రాస్తే నిన్నే డబ్బల పెడ్త.

ఇబ్రహీంపట్నం, సెప్టెంబరు 21

తమ్ముడూ,

ఇండియన్ యూనియన్ ఫౌజు వచ్చింది. అమీన్ టోపీ ఇడిసి ఉరికిండు. ఎవలో తాళాలు తీసిండ్రంటే నేను ఏడ్సుకుంట ఠాణాకు పోయిన. అందరు ఎళ్లిపోయిండ్రు. మీ బావ ఒక్కడు గోడ కాడ మోకరించి, చీపురుపుల్లతోని నల్లిని కొలుస్తున్నడు!

"నడువు" అంటే, "జర ఆగు సుసన్నా, ఇంకొక్కటైతే వంద" అన్నడు.

ఠాణా నల్లులు మనింటి నల్లులకు రెట్టింపు ఉన్నయట. దినాం కొత్త మనుషులొస్తరు, మేతకు కరువు లేదట. చెయ్యి వట్టి గుంజుకొచ్చిన.

ఇద్దరితోని ఏగలేని
సుసన్న

తా.క.: కొలతలు ఇందులనే పెట్టిన. మీ బావ నల్లులు గూడ పెడ్తనంటే వద్దన్న. కవరు అంటించింది మాత్రం ఆయనే. బయట తెరువు.