మూసేసిన మధ్యాహ్నం షిఫ్టు

మంగళవారం. ఆషాఢం గాలి ఇంకా తగ్గలేదు.

పక్కింటి మునిరత్నం మామ ఇవాళ మా మందుల షాపు మెట్ల మీదే కూలబడ్డాడు. ఇన్‌హేలర్ జేబులోనే ఉంది. నేనే తీసి నోట్లో పెట్టి నొక్కాను. ఊపిరి కుదురుకున్నాక, రోజుకు మూడుసార్లు పీల్చమంటే ఏం చేస్తున్నావని కసిరాను.

"పొద్దున షిఫ్టుకొకటి, రేత్రి షిఫ్టుకొకటి పీలుస్తా ఉండానమ్మా. మద్యాన్నం షిఫ్టు మూసేసినా. ఇంగ ఇది రాదని నువ్వే కదా చెప్పినావు!"

నేనే చెప్పాను. మందును బయటికి తోసే గ్యాసు భూమిని వేడెక్కిస్తుందట, దాన్ని మానిపిస్తారట, కొత్త గ్యాసుతో వచ్చేది ఖరీదట. ఎప్పుడన్నది ఈ మాట మోసుకొచ్చిన మందుల కంపెనీ మనిషికే తెలియదు. అతను అన్నది అన్నట్టే, బిల్లు రాస్తూ మామకు చెప్పేశాను. గనిలో ముప్పై ఏళ్లు చేసిన మనిషి, ఉన్నదాన్ని షిఫ్టులకు పంచుకున్నాడు.

ఆ గ్యాసు మానిపించే రూలు తప్పని ఎలా అనగలను? ఈ ఎండలకు మా బోరు కూడా ఎండిపోయింది. పొడి మందు పీల్చే ఇన్‌హేలర్‌కు ఆ గ్యాసే అక్కర్లేదు, కానీ దాన్ని గట్టిగా లోపలికి లాగాలి. మామకు అంత ఊపిరి ఎక్కడిది?

"మూడు షిఫ్టులూ పీల్చు మామా" అన్నాను.

"అయిపోతే?"

గుడ్డ తీసుకుని షాపు అద్దం తుడిచాను. గని దిబ్బల మీది నుంచి కొట్టుకొచ్చిన తెల్ల దుమ్ము. పొద్దున కూడా తుడిచాను.